గడియకి నూనె

ఇంటి దగ్గర, కుట్టు మిషను బల్ల మీద నుంచి
ఆదివారం

అక్కకి,

ఫోను చేస్తే నేను "ఊఁ", "ఆఁ" తప్ప ఏమీ అననని మొన్న అలిగి పెట్టేశావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చేతిలో ఏదో ఒకటి ఉంటే తప్ప నాకు మాట రాదు. సూది లేనప్పుడు కలమైనా ఉండాలి.

ముందు ఫిర్యాదు. నీ కుక్క దొరసాని నీ కంచె దాటి పోయింది. గమనించావా, రెండూ నీవే. పెళ్లి చేసుకుని వెళుతూ కుక్కనీ, కంచెనీ, ఇంటినీ, నన్నూ కలిపి "చూసుకో" అని ఒక్క ముక్కలో అప్పగించి పోయావు. ఎవరు ఎవర్ని చూసుకోవాలో చెప్పలేదు.

శుక్రవారం పొద్దున ఒకాయనకి కోటు కొలతలు తీసుకుంటున్నాను. వెనక నుంచి బాతుల గోల. పరిగెత్తి చూస్తే కుళాయి పక్కన జాలీ కింద ఇంత సందు, దొరసాని లేదు. పక్కింటి డ్రిల్లు మాస్టారి పెరట్లోంచి, ఆయన బాతుల మధ్య నుంచి వీధిలోకి పోయిందట. మధ్యాహ్నానికి తిరిగొచ్చిందిలే. ఎక్కడికి పోయిందో ఏమో.

మాస్టారు గోడ దగ్గరికి వచ్చాడు. రిటైరయినా మెడలో ఈల తీయలేదు కదా ఆయన. "ఇంకోసారి నా బాతుల్లోకి వస్తే కుక్కల బండికి ఫోన్ చేస్తా. ముందు చెప్పలేదనొద్దు" అన్నాడు. నవ్వుతూ అనలేదక్కా. ఆ బండి ఎక్కిన కుక్క తిరిగి రావడం మన వీధిలో ఎవరూ చూడలేదు.

తాడుతో కట్టేసి చూశాను. దొరసాని తీసిన రాగానికి కోటు పెద్దమనిషి కంగారుపడి, లోపల ఎవరికైనా బాగాలేదా అని అడిగాడు. విప్పేశాను.

కాబట్టి మేస్త్రీ గారూ, మీరు కట్టిన కంచెని ఎలా బాగుచెయ్యాలో సెలవియ్యండి. ఇనుములో నాకు తెలిసినవి సూదీ కత్తెరా మాత్రమే.

బావగారిని అడిగానని చెప్పు.

తమ్ముడు


మేడ మీద గదులు
గురువారం

దర్జీ గారికి మేస్త్రీ దీవెనలు.

నీ ఉత్తరం చూసి నవ్వుకుంటూనే మాస్టారి మాట దగ్గర ఆగిపోయాను. ఆయన ఊరికే బెదిరించే రకం కాదు. పిల్లల్ని ఎండలో నిలబెడతానంటే నిలబెట్టిన మనిషి. దొరసానిని ఆ బండిలో ఊహించుకుంటే నాకు ముద్ద దిగలేదు. ఉత్తరం చదవగానే పని మొదలుపెట్టు. కోటు పెద్దమనిషి నాలుగు రోజులు ఆగితే కొంప మునగదు.

ముందు కంచె వెంట ఒక చుట్టు నడువు. ఒక్కో గుంజనీ తుంటితో ఒక తోపు తొయ్యి. చేత్తో తోస్తే నీకు తెలియదు, ఒళ్లంతా ఆన్చి తోస్తేనే కదిలేది కదులుతుంది. కదిలిన దానికి సుద్ద గుర్తు పెట్టు. నీ దగ్గర సుద్దకేం కొదవ! నా లెక్కన కుళాయి పక్క గుంజ పోయి ఉంటుంది. ఎప్పుడూ తడిలో నిలబడేది అదే. నేలకి ఆనిన చోట గోరు గుచ్చి చూడు. మెత్తగా దిగితే దాని పని అయిపోయినట్టే.

పీకేసి కొత్తది పాతు. మోకాలి లోతు గొయ్యి తియ్యి, అడుగున కంకర వెయ్యి, కర్ర కింది భాగానికి తారు పుయ్యి. మట్టి కొంచెం కొంచెంగా వేస్తూ గునపం మొద్దు వైపుతో కుమ్ముతూ పో. ఒకేసారి పోసేశావంటే ఆ గుంజ ఊగే పన్నులా ఉంటుంది. జాలీ తుప్పు పట్టినంత మేర కత్తిరించి కొత్త ముక్క వెయ్యి. జాలీ గుంజలకి లోపలివైపు ఉండాలి, గుర్తుపెట్టుకో. కుక్క లోపలి నుంచి తోస్తుంది. బయటివైపు కొడితే దాని బరువుకి మేకులు ఊడి చేతికొస్తాయి. నేను పనిచేసిన ఇనుప సామాన్ల కొట్టుకే వెళ్ళు, నా తమ్ముణ్ణని చెప్పు. మంచి సరుకు తీసిస్తారు.

ఇంకోటి. వెనక గేటు గడియకి నూనె వెయ్యి. ముందు గదిలో నీ గిరాకీలు ఉంటారని ఇన్నేళ్లూ కొట్టు నుంచి ఆ గేటులోంచే కదా వచ్చాను. అది చేసే కీచుకి వీధంతా ఉలిక్కిపడేది. వేస్తా వేస్తా అంటూనే వచ్చేశాను.

ఇక్కడ పైన రెండు గదులు, కింద వీధి, వీధి అవతల గోదాము. మీ బావగారు పొద్దున్నే కాటా దగ్గరికి వెళతారు. లారీలు తూచి తూచి మాటలు కూడా తూచే అలవాటైపోయింది ఆయనకి. మంచివారు. "వెళ్ళొస్తా" అంటారు, "వచ్చాను" అంటారు. ఆ మధ్యంతా నేనూ కిటికీ కూర్చుంటాం.

దొరసాని తింటోందా? నువ్వు తింటున్నావా అని మాత్రం అడగను, నీ బొజ్జ సంగతి నాకు తెలుసు.

అక్క


ఇంటి దగ్గర, వెనక వసారా
శనివారం

అక్కకి,

లేచి నిలబడి చదువు. నీ తమ్ముడు గుంజ పాతాడు.

నువ్వన్నట్టే కుళాయి పక్కది. గోరు గుచ్చితే వేలు దిగింది. పీకుతుంటే సగం నేలలోనే ఉండిపోయింది, మిగతా సగంతో నేను వెనక్కి పడ్డాను. దొరసాని వచ్చి నా ముఖం వాసన చూసి వెళ్ళి నీడలో పడుకుంది. సాయం చేసే ఉద్దేశం ఎవరిలోనూ కనిపించలేదు. గొయ్యి తీసి కంకర, తారు, మట్టి అన్నీ నువ్వు చెప్పిన వరసలోనే వేశాను. చేతులు ఎలా బొబ్బలెక్కాయంటే రెండు రోజులు కాజాలు కుట్టలేకపోయాను. జాకెట్టు కోసం వచ్చినావిడ నా చేతులు చూసి తిట్టడం మానేసి జాలిపడి వెళ్ళింది.

జాలీ కూడా వేశాను. అందులో మాత్రం నాకు ఎవరి పాఠమూ అక్కర్లేదు. టేపు పెట్టి గుంజకీ గుంజకీ మధ్య కొలిచాను. కొలతకి పైన నాలుగు వేళ్ల లూజు వదిలాను. అంచులు లోపలికి మడిచి సన్న తీగతో చుట్టు కుట్టు వేశాను. దగ్గరికి వచ్చి చూస్తే తప్ప అతుకు కనిపించదు. మాస్టారు కూడా గోడ మీద నుంచి చూసి "ఇదేంటయ్యా, ఇంత నీటుగా ఉంది?" అన్నాడు.

ఇంత చేసినా, దొరసాని బుధవారం మళ్ళీ పోయింది. జాలీని ముక్కుతో ఎత్తి, కింద నుంచి పాకి, కర్టెను కింద నుంచి పోయినట్టు పోయింది. అదృష్టం కొద్దీ బాతులు అప్పుడు తొట్టి దగ్గర ఉన్నాయి, మాస్టారు చూడలేదు. సాయంత్రానికి ఇంట్లోనే ఉంది.

ఎక్కడ తప్పు పోయిందో అర్థం కావడం లేదు. కొలతలో తప్పు లేదు, ఒట్టు.

తమ్ముడు


మేడ మీద గదులు
మంగళవారం

ఒరేయ్ నాయనా,

నాలుగు వేళ్ల లూజా! కిటికీ దగ్గర ఒక్కదాన్నే కూర్చుని పగలబడి నవ్వాను. మీ బావగారు పక్క గదిలోంచి వచ్చి ఏమైందన్నట్టు చూశారు. చదివి వినిపిస్తే ఆయన కూడా నవ్వారు. పెళ్లయ్యాక ఆయన నోరు తెరిచి నవ్వడం ఇదే మొదటిసారి, ఆ పుణ్యం నీదే.

కంచె చొక్కా కాదురా. దానికి ఊపిరి పీల్చుకోవడానికి లూజు అక్కర్లేదు. చేత్తో కొడితే డప్పులా మోగాలి. నువ్వు కుట్టిందంతా విప్పు. బాధగా ఉంటుంది, తెలుసు, అయినా విప్పు. జాలీ ఒక కొసని మూల గుంజకి రెండు కాళ్ల మేకులతో గట్టిగా దిగ్గొట్టు. రెండో కొసలోకి ఇనుప కడ్డీ దూర్చు. ఆ కడ్డీని గునపంతో మీటి ఒకళ్లు లాగి పట్టుకోవాలి, ఇంకొకళ్లు మేకులు కొట్టుకుంటూ రావాలి. ఇద్దరి పని. నేను కట్టినప్పుడు నువ్వే కదా లాగి పట్టుకున్నావు, "ఎంతసేపే" అని గొణుగుతూ.

కింది అంచు జానెడు ఎక్కువ ఉంచి, లోపలివైపుకి నేల మీద మడిచి మట్టి కప్పు. తవ్వబోతే దాని గోళ్లకి జాలీ తగులుతుంది, విసుగెత్తి మానేస్తుంది. మడత పెట్టడం నీకు నేర్పక్కర్లేదుగా.

గడియకి నూనె వేశావా? ఆ ముక్క రాయలేదు.

మొన్న ఇక్కడ వీధి చివర ఒక ఇనుప సామాన్ల కొట్టు కనిపించింది. లోపలికి వెళ్ళాను. కొనాల్సిందేమీ లేదు. కొట్టాయన ఏం కావాలని అడిగితే తలుపు బందులు అన్నాను. చూస్తే ఎడమ బందులూ కుడి బందులూ ఒకే డబ్బాలో కలిసిపోయి ఉన్నాయి, వేరు చేసి పెట్టాను. ఆయన వింతగా చూశాడు. బందులు కొనకుండానే వచ్చేశాను.

ఇంతకీ దొరసాని ఎక్కడికి పోతోందిరా? రెండు ఉత్తరాలు రాశావు, పోయిందంటావు, వచ్చిందంటావు, మధ్యలో సంగతి మింగేస్తావు. నాకు తెలియదా నీ సంగతి.

అక్క


ఇంటి దగ్గర
ఆదివారం

అక్కకి,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నీ కొట్టుకి పోతోంది.

మొదటిసారి కూడా అక్కడికే. మధ్యాహ్నానికి తిరిగొచ్చిందని రాశాను కానీ, అది తానుగా తిరిగి రాలేదు, నేనే తెచ్చాను. వీధులన్నీ వెతికి వెతికి ఆఖరికి అక్కడ చూశాను. కౌంటరు కింద, నీ స్టూలు ఉండే చోట, గచ్చు మీద గడ్డం ఆన్చి పడుకుని ఉంది. కొత్తగా వచ్చిన కౌంటరు మనిషి రంగు డబ్బా మూతలో నీళ్లు పోసి పెట్టాడు. "పొద్దుటి నుంచీ ఉందండీ, ఎవరు వచ్చినా తలెత్తి చూసి మళ్ళీ పడుకుంటోంది" అన్నాడు. రెండోసారీ అంతే. నీకు రాస్తే ఏడుస్తావని రాయలేదు.

మొదలుపెట్టాను కాబట్టి మిగతాది కూడా చెప్పేస్తాను. నాకు కోపంగా ఉందక్కా. బావగారి మీద కాదు. బోల్టు కొనడానికి వచ్చి, నట్టు మరిచిపోయి, మళ్ళీ మళ్ళీ వచ్చిన మనిషి మీద ఎవరికి కోపం వస్తుంది? ఆయనకి బదిలీ అయితే నువ్వూ వెళ్ళాల్సిందే, అదీ తెలుసు. ఈ వయసులో నీకు ఒక తోడు దొరికిందని అందరికంటే ముందు సంతోషించింది నేనే. అయినా కోపంగా ఉంది. నీ పెళ్లి జాకెట్టు నేనే కుట్టాను, కొలతలు కూడా తీసుకోకుండా. కుడుతున్నంతసేపూ ఎక్కడో ఒకచోట తప్పు పోతే బాగుండు, సరిచేసేదాకా ఇంకో వారం ఉంటావు అనుకున్నాను. తప్పు పోలేదు. పాడు చెయ్యి నాది.

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. మిషను ఆపితే చెవుల్లో గుయ్యిమంటుంది. అందుకని కుట్టేది లేకపోయినా పాత గుడ్డ పెట్టి తొక్కుతున్నాను.

కంచె సంగతి. ఇద్దరి పని అన్నావు. ఇద్దరు లేరు. అందుకని సిగ్గు వదిలి మాస్టారినే పిలిచాను. "బాతులు మీవి, కుక్క నాది, కంచె ఇద్దరికీ కావాలి" అన్నాను. కాసేపు మీసం దువ్వుకుని ఒప్పుకున్నాడు. రేపు పొద్దున వస్తాడు.

తమ్ముడు


మేడ మీద గదులు
శుక్రవారం

తమ్ముడూ,

నువ్వు అనుకున్నట్టే ఏడ్చాను. కాసేపు కాదు, ఆ పూటంతా. నువ్వు రాసినందుకు మాత్రం సంతోషంగా ఉంది.

నేను కూడా ఒకటి దాచాను. బందుల కొట్టుకి ఒక్కసారి వెళ్ళానని రాశాను కదా. రోజూ వెళుతున్నాను. మీ బావగారు కాటాకి వెళ్ళగానే బయల్దేరి అక్కడ నిలబడతాను. మేకుల వాసన, కిరసనాయిలు వాసన పీలుస్తాను. ఎవరైనా వచ్చి ఫలానా స్క్రూ కావాలంటే ఎక్కడుందో నాకు ముందే కనిపిస్తుంది, చెయ్యి లేవబోతుంది. కొట్టాయన ఇప్పుడు ఏం కావాలని అడగడం మానేశాడు. దొరసాని ఆ కొట్టు కౌంటరు కింద, నేను ఈ కొట్టు గుమ్మంలో. ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నామో తెలియదు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించలేదు. బల్ల మీద పెట్టి మరిచిపోయాను. ఆయన చదివినట్టున్నారు. ఒక మాట తానే రాస్తానన్నారు. కింద చూడు. గడియకి నూనె వెయ్యడం మరిచిపోకు.

అక్క

బావమరిది గారికి,

మీ ఉత్తరం మిమ్మల్ని అడగకుండా చదివాను. క్షమించాలి. నాకు కుక్కలంటే భయం. చిన్నప్పుడు పిక్క కరిచింది, మచ్చ ఇంకా ఉంది. పెళ్లికి ముందు మీ అక్కయ్యకి ఈ సంగతి చెప్పాను. అప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం నాకూ అలవాటే కాబట్టి పట్టించుకోలేదు. ఇప్పుడు వెనక పెరడు ఉన్న కింది ఇల్లు ఒకటి చూశాను. పెరడుకి కంచె లేదు. మీరు సరేనంటే మాట్లాడతాను.


ఇంటి దగ్గర
బుధవారం

అక్కకి, బావగారికి,

అవసరం లేదు. కంచె గట్టిగా ఉంది. నేనూ మాస్టారూ కలిసి బిగించాం. నేను గునపం మీటి పట్టుకుంటే ఆయన ఈల వేసి మరీ మేకు కొట్టాడు. జాలీ డప్పులానే మోగుతోంది. దొరసాని ఎక్కడికీ పోవడం లేదు.

కుక్క ఉన్నచోటే బాగుంది. ఇల్లు మారే శ్రమ పెట్టుకోకండి.

తమ్ముడు


మేడ మీద గదులు
ఆదివారం

తమ్ముడూ,

సరే. నిన్ను బలవంతపెట్టను. నీకూ ఇంట్లో ఒక ప్రాణి ఉండాలి కదా, నేను ఆ ఆలోచనే చెయ్యలేదు. నా తెలివితక్కువతనం.

ఆ ఇల్లు మాత్రం ఈయన తీసుకున్నారు. ఈయనకి మోకాళ్ల నొప్పి, మెట్లు పడవు అన్నారు. ఇన్నాళ్లూ మోకాళ్ల ఊసే ఎత్తలేదు ఆ మనిషి. వచ్చే నెల మారతాం.

వానలు మొదలయ్యేలోపు కంచె మేకులన్నీ ఒకసారి చూసుకో. కర్ర తడిసి ఆరేటప్పుడు మేకు వదులవుతుంది. గడియకి నూనె.

అక్క


ఇంటి దగ్గర, వెనక వసారా
వాన వెలిసింది

అక్కకి,

చాలా రోజులు రాయలేదు. రాయడానికి ఏమీ లేకేమో అనుకుంటావు. రాయాల్సింది ఉండే రాయలేదు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఒక్కో గుంజే మారుస్తూ పోతే ఆఖరికి అన్నీ మార్చాను. ఒకటి కొత్తదయ్యేసరికి పక్కది పాతగా కనిపిస్తుంది, కాలరు మార్చిన చొక్కాకి చేతులు వెలిసినట్టు కనపడతాయే, అలాగ. జాలీ మొత్తం కొత్తది. కింది మడత చుట్టూ తిప్పాను. వానకి మేకులు వదులైతే మళ్ళీ కొట్టాను. దర్జీ పని కంటే ఈ పని బాగుందే అనిపించింది కొన్ని రోజులు. మాస్టారు అయితే తన బాతుల పెరడుకి కూడా నన్నే కట్టమన్నాడు. కుక్కల బండి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు దొరసాని సంగతి. కంచె వదులుగా ఉన్నప్పుడు అది ఎప్పుడు పారిపోదామా అని తిరిగేది. తవ్వేది, ఎత్తేది, నన్ను చూసి దొంగలా ఊరుకునేది. నాకూ దానికీ అదొక ఆటలా ఉండేది. ఇప్పుడు తవ్వడం మానేసింది. పొద్దుటి నుంచీ జాలీ వెంట నడుస్తుంది, ఈ మూల నుంచి ఆ మూలకి. అది నడిచినంత మేరా గడ్డి చచ్చిపోయి బాట పడింది. పెట్టింది వాసన చూసి వదిలేస్తోంది. పట్టుకుంటే పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి. పశువుల డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు.

మొన్న సాయంత్రం మాస్టారు బాతు గుడ్లు ఇవ్వడానికి వెనక గేటు తీసుకుని వచ్చాడు. గడియ కీచుమంది. దొరసాని ఎక్కడ పడుకుందో అక్కడి నుంచి ఒక్క ఉరుకు ఉరికింది. తోక ఊపుతూ, మూలుగుతూ, కాళ్లు జారుతూ గేటు దగ్గరికి వెళ్ళింది. మాస్టారిని చూసింది. తోక ఆగిపోయింది. మెల్లగా వెనక్కి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. మాస్టారు తానేం తప్పు చేశాడో తెలియక గుడ్లు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. "దీన్ని ఉంచుకుని ఏం చేస్తావయ్యా" అన్నాడు, మెత్తగానే.

నా కోసం దాన్ని ఉంచుకున్నాను. అది నిజం. అది ఉంటే సగం నువ్వు ఉన్నట్టు ఉండేది. కానీ ఆ సగం ఎముకల గూడైపోతుంటే చూస్తూ మిషను తొక్కలేను.

బావగారికి చెప్పు. కాటా దగ్గరికి వచ్చే లారీవాళ్లలో నమ్మకమైన మనిషి ఎవరైనా ఇటు వస్తే ఇంటి గుర్తులు చెప్పి పంపమను. దొరసానితో పాటు కంచె కూడా పంపుతాను. మీ పెరడుకి కంచె లేదన్నారు కదా. ఇక్కడ ఇంక దానితో పనేముంది?

నేను రాను. వస్తే తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ ఒకసారి వదిలిపెట్టి రావాలి. ఆ పని నాకు ఒక్కసారి చాలు.

తమ్ముడు


కింది ఇల్లు, పెరటి మెట్టు మీద నుంచి
గురువారం

నా బంగారు తమ్ముడూ,

వచ్చింది. లారీ వీధి మలుపు తిరగక ముందే అరుపు వినిపించింది. డ్రైవరు తలుపు తీయగానే నా మీద పడి నన్ను కింద పడేసింది. నడి వీధిలో ఇద్దరం దొర్లాం. చుట్టూ జనం. సిగ్గేమీ అనిపించలేదు. ఆ పూటే గిన్నె ఖాళీ చేసి ఇంకా పెట్టమని నా చేతిని ముక్కుతో పొడిచింది.

తర్వాత నీ కట్టలు విప్పాను. ఏం కట్టావురా! జాలీ చుట్టలకి బొమ్మ గీసిన చీటీలు, గుంజల మీద సుద్ద గుర్తులు, మేకులు పాత కాలరు గుడ్డతో కుట్టిన సంచిలో. ముక్కలు కత్తిరించి కట్ట కట్టి పంపిన సూటులా ఉంది. ఒక్కో గుంజా చేత్తో తడిమి చూశాను. నేను పాతినది ఒక్కటీ లేదు, నేను కొట్టిన మేకు ఒక్కటీ లేదు. మొదటి నుంచి చివర వరకు అంతా నీ చేతి పనే. ఉత్తరాల్లో నిన్ను అన్ని తిట్లు తిట్టినందుకు నాకే ఏదోలా అనిపించింది.

ఈయనా నేనూ కలిసి నిలబెట్టాం. ఈయన గునపం మీటి పట్టుకున్నారు. స్టూలెక్కి, కాళ్లు పైన పెట్టుకుని మరీ పట్టుకున్నారు, ఎందుకంటే కింద దొరసాని ఆయన పిక్క మచ్చని పరీక్షగా వాసన చూస్తోంది. ముఖం తెల్లగా పాలిపోయింది కానీ గునపం వదల్లేదు. మర్నాడు ఆయనే దాని గిన్నెలో నీళ్లు పోసి, చీపురు కర్రతో దాని ముందుకి తోశారు. నిన్నటి నుంచి చీపురు లేకుండా పెడుతున్నారు.

బందుల కొట్టాయన కూడా కౌంటరు దగ్గర రోజూ ఒక పూట కూర్చుంటారా అని అడిగాడు. సోమవారం నుంచి వెళుతున్నాను. దొరసాని కూడా వస్తుంది.

అన్నీ సరిపోయాయి. గేటు మాత్రం రాలేదు. కట్టలన్నీ విప్పి చూశాను, లారీ డ్రైవరుని కూడా అడిగాను. ఎక్కించలేదన్నాడు. ప్రస్తుతానికి ఆ సందులో పాత మంచం అడ్డం పెట్టాం. ఇంత జాగ్రత్తగా అన్నీ పంపిన మనిషివి, గేటు ఎలా మరిచిపోయావు?

నువ్వెలా ఉన్నావో రాయి. కంచె సంగతులు చాలు, నీ సంగతి రాయి.

అక్క


ఇంటి దగ్గర
సాయంత్రం

అక్కకి,

గేటు మరిచిపోలేదు. ఉంచుకున్నాను.

రెండు గుంజల మధ్య ఒక్కటే నిలబడి ఉంది. అటూ ఇటూ కంచె లేదు, పెరడంతా ఖాళీ. వీధిలో పోయేవాళ్లు చూసి ఆగుతున్నారు. ఒకడైతే "ఏంటి సార్, ఇల్లు కట్టడం గేటుతో మొదలుపెట్టారా?" అని అడిగాడు. అవునన్నాను. మాస్టారు కూడా మొదట్లో నవ్వాడు. కానీ గుడ్లు తెచ్చినప్పుడు పక్క నుంచి రావడం లేదు. చుట్టూ అంత ఖాళీ ఉన్నా, గేటు దగ్గరికి వెళ్ళి, గడియ తీసి, లోపలికి వచ్చి, మళ్ళీ వేసి వస్తున్నాడు. నేను ఏమీ చెప్పలేదు ఆయనకి. గుడ్లు ఇచ్చాక కాసేపు వసారాలో కూర్చుంటున్నాడు కూడా. ఆయన ఇంట్లోనూ మాట్లాడటానికి బాతులు తప్ప ఎవరూ లేరని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

నా సంగతి రాయమన్నావు. ఇదే నా సంగతి.

గడియకి నూనె వెయ్యమని మొన్నటిదాకా ప్రతి ఉత్తరంలోనూ రాశావు. నేను జవాబు చెప్పలేదు. వెయ్యలేదు. కంచెలో అన్నీ మార్చాను, బందులూ గడియా మాత్రం ముట్టుకోలేదు. ఇన్నేళ్లూ సాయంత్రం ఆ కీచు వినిపించగానే నువ్వు వచ్చినట్టు. మిషను ఆపి, లేచి, నీకు మంచినీళ్లు తెచ్చేవాణ్ణి. ఆ రోజు మాస్టారు గడియ తీసినప్పుడు దొరసాని ఉరికిందని రాశాను కదా. ఇంకొకటి రాయలేదు. నేను కూడా లేచాను. చేతిలో ఉన్న గుడ్డ కింద పడేసి, వంటింట్లోకి వెళ్ళి, గ్లాసులో నీళ్లు పోసి, వెనక గుమ్మం దాకా వచ్చాను. వచ్చి చూస్తే బాతు గుడ్లతో మాస్టారు. ఆ నీళ్లు ఆయనకే ఇచ్చాను.

ఇప్పుడు రోజూ ఆయన ఆ గడియ తీసినప్పుడల్లా చెయ్యి ఆగుతుంది. నువ్వు కాదని తెలుసు, అయినా లేస్తాను. ముందు దొరసాని ఉండేది, ఇద్దరం కలిసి మోసపోయేవాళ్లం. ఇప్పుడు నేను ఒక్కణ్ణే.

అందుకని గేటు పంపను. కావాలంటే నువ్వే వచ్చి తీసుకుపో. బావగారిని కూడా తీసుకురా, దొరసానిని కూడా. ముందు గది నుంచి రావద్దు, నా గిరాకీలు ఉంటారు. వెనక నుంచి రా. కంచె లేదు కదా అని పక్క నుంచి రాకు. గడియ తీసుకుని రా, నీళ్లు తెచ్చి పెడతాను.

తమ్ముడు